నవ్వాల్సినవాళ్లు, ఏడవాల్సినవాళ్లు

నొముసా న్జిమా కుర్చీలో కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లువాన్ష్యా ఊళ్లో ఎవరూ లేరు. కూర్చుందనుకునేలోపు లేస్తుంది, కిటికీ తెరుస్తుంది, మళ్లీ మూస్తుంది, బల్లమీద లేని దుమ్ము తుడుస్తుంది. కాలు కాలిన పిల్లి ఇంతకంటే నయం. అలాంటి మనిషి చేసే ఉద్యోగం ఏమిటనుకున్నారు? మనసు బాధలు విని ఊరటనిచ్చే కౌన్సిలర్లు కాబోయేవాళ్లకు పాఠం చెప్పడం. ఆ పాఠం కూడా ఏమిటయ్యా అంటే, బాధల్లో ఉన్న పదిమందిని గుండ్రంగా కూర్చోబెట్టి, వాళ్ల మాట వాళ్లచేతనే చెప్పించి, నడిపేవాళ్లు మాత్రం నోరు మూసుకుని వినడం! దేవుడికి కూడా అప్పుడప్పుడు సరదా పుడుతుంది కాబోలు.

ఆవిడ మొదట నర్సు. చిపాటా వైపు న్గోనీ తెగ పిల్ల, ఇరవై రెండో ఏట ఈ రాగి గనుల ఊరికి ఉద్యోగానికొచ్చి, ఛోలా అనే బెంబా తెగవాణ్ని చేసుకుని ఇక్కడే ఉండిపోయింది. మహమ్మారితో వార్డులు కిటకిటలాడిన ఆ పాడు రోజుల్లో వరండాలో రోగుల్ని కూర్చోబెట్టి ధైర్యం చెప్పేది. చెప్పేది, చెప్పేది, చెబుతూనే ఉండేది. ఒకనాడు ఓ ముసలమ్మ మంచంమీద నుంచి, "సిస్టరమ్మా, నువ్వు చాలా బాగా మాట్లాడతావు. అందుకే నీకెవరం ఏమీ చెప్పుకోం" అంది. ఆ మాట నొముసాకు ముల్లులా దిగింది. ఉద్యోగానికి సెలవు పెట్టి రెండేళ్లు చదువుకుంది. చదువుకుని నేర్చుకున్నదాన్నే ఇప్పుడు పదేళ్లుగా చర్చి వెనకాల రేకుల హాల్లో నేర్పుతోంది.

"నిశ్శబ్దం గుంపు సొత్తు. దాన్ని దొంగిలించకండి" అని నల్లబల్లమీద సుద్దముక్కతో పెద్ద అక్షరాల్లో రాస్తుంది. అందరికంటే పెద్ద దొంగ తానేనని ఆవిడకు తెలుసు. అందుకే ఒక ఉపాయం కనిపెట్టింది. గుంపు మౌనంగా ఉన్నప్పుడల్లా సీసాలోంచి ఒక గుక్క నీళ్లు నోట్లో పోసుకుని, మింగకుండా అలాగే పెట్టుకుంటుంది. బుగ్గలు ఉబ్బించుకుని, కాలు ఊపుకుంటూ, మింగలేక కక్కలేక కూర్చున్న ఆ మేడమ్‌ను చూసి విద్యార్థులు చాటుగా నవ్వుకుంటారు. నవ్వుకోనీ. నీళ్లు పనిచేశాయి.

రెండో నియమం, వేళాకోళం వద్దు. గుంపును నడిపేవాళ్లు పరాచికాలాడకూడదు, అది బాధనుంచి దొడ్డిదారిన పారిపోవడం అని పాఠ్యపుస్తకం అంటుంది. ఎక్కడో చలిదేశంలో, పక్కింటివాడి పేరు తెలియకుండా ముప్పై ఏళ్లు బతికే చోట రాసిన పుస్తకం అది. ఇక్కడ న్గోనీలూ బెంబావాళ్లూ ఒకప్పుడు ఈటెలతో పొడుచుకున్నవాళ్లు, ఇప్పుడు వరసకు బావలు. న్గోనీ ఎదురైతే బెంబావాడు "ఎలుకలు తినే మొహమా" అనకుండా పలకరించడు. ఆ న్గోనీ "కోతులు తినేవాడివి నువ్వా అనేది" అనకుండా బదులివ్వడు. ఒకరింట్లో చావైతే రెండోవాళ్లు పరుగున వస్తారు. ఏడవడానికి కాదు, పీనుగును ఎగతాళి చేయడానికి! అది బావల హక్కు, బావల బాధ్యత కూడాను. అయినా నొముసా పదేళ్లుగా పుస్తకం మాటే చెబుతోంది. సర్టిఫికెట్ ఇచ్చేది పుస్తకం మరి.

అక్టోబరు నెల. వానలు పడటానికి ముందు ఎండ మనుషుల్ని పెనంమీద వేపుతోంది. ఆ శుక్రవారం పొద్దున నొముసా ఒకే టీ కప్పును మూడోసారి కడుగుతుంటే ఛోలా పేపర్ దించాడు.

"ఆ కప్పేం పాపం చేసిందే? అరిగిపోతుంది."

"కసొండె గారి సంగతి ఇవాళ తేల్చాలి. ఆఖరి రోజు."

కసొండె ఆవిడ క్లాసులో అందరికంటే పెద్దవాడు, యాభై ఆరేళ్ల మనిషి. ఇరవై ఎనిమిదేళ్లు గని లోపల పనిచేశాడు. గని కార్మికుల పేటలో ఉన్న చిన్న ఆసుపత్రికి కౌన్సిలర్ కావాల్సొస్తే, గనివాళ్లు నమ్మి నోరు విప్పేది ఇలాంటివాడి దగ్గరేనని పేరు పెట్టి అడిగి మరీ పంపారు. జూన్‌లో అతని ఒక్క కొడుకు న్డోలా రోడ్డు మీద మినీబస్సు ప్రమాదంలో పోయాడు. సెప్టెంబరులో క్లాసులు మొదలైతే వచ్చాడు. వచ్చి, ఐదు వారాలు గుంపులో కూర్చున్నాడు. అందరూ తమ తమ గొడవలు చెప్పుకున్నారు. అతను మాత్రం ఒక్క మాట మాట్లాడలేదు. కొడుకు సంగతి అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

"ఇవాళ ఆయన ఇరవై నిమిషాలు గుంపును నడపాలి. నడపకపోతే నేను ఫెయిల్ అని రాయాలి. ఆ ఉద్యోగం పోతుంది. అది కూడా పోతే ఆ మనిషి ఏమైపోతాడు చెప్పు?"

"ఎలుకలు తినేది మా బెంబావాణ్ని ఫెయిల్ చేస్తుందా! ఊళ్లో తలెత్తుకోవద్దా నేను?"

"నవ్వులాట కాదు ఛోలా."

"నవ్వులాటే కావాలేమో అతనికి" అన్నాడు ఛోలా పేపర్ మడుస్తూ. "మీ నాన్న పోయినప్పుడు రెండు రోజులు రాయిలా కూర్చున్నావు, గుర్తుందా? మా తమ్ముడొచ్చి ఆయన టోపీ పెట్టుకుని, ఆయన గొంతుతో మీ కోళ్లని తిట్టేదాకా నీకు ఏడుపే రాలేదు."

గుర్తులేకేం. ఆ రోజు ఫక్కున నవ్వి, ఆ నవ్వులోంచే వెక్కి వెక్కి ఏడ్చింది. నవ్వించిన మరిదికి ఈరోజుకీ కోడి కోసి పెడుతుంది. హాలుకు నడుస్తున్న దారంతా ఆ టోపీయే ఆవిడ కళ్లముందు ఆడింది.

హాల్లో తొమ్మిది కుర్చీలు గుండ్రంగా వేసి ఉన్నాయి. రేకుల వేడికి అందరూ పుస్తకాలతో విసురుకుంటున్నారు. కసొండె తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు, గుండీలు మెడదాకా పెట్టుకున్నాడు. నడిపేవాడి కుర్చీలో కూర్చున్నాడు. అతనికి ఒకపక్క మ్వాబ, చిన్నబడి టీచరమ్మ. ఇంకోపక్క సాంపా, ఒకప్పుడు బస్సు కండక్టరు, నోటికి తాళం లేనివాడు. ఇద్దరూ బెంబావాళ్లే. నొముసా వలయానికి బయట, గోడవారగా, అంచనా కాగితాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"మొదలుపెట్టండి కసొండె గారూ" అంది.

కసొండె తలాడించాడు. అందరివైపూ ఒకసారి చూశాడు. పెదవులు కదిలాయి. మాట రాలేదు.

నొముసా నోట్లో నీళ్లు పోసుకుంది.

రెండు నిమిషాలు. నాలుగు. ఎవరో దగ్గారు. పైన రేకు టక్కున మోగింది. ఆవిడ కాలు ఊగడం మొదలుపెట్టింది. ఆరు నిమిషాలు. కసొండె తన చేతుల్ని చూసుకుంటున్నాడు. నీళ్లు నోట్లో వేడెక్కిపోయాయి. కాగితంలో గడులు ఆవిడకేసి చూస్తున్నాయి: గుంపును ఆరంభించగలరా, గుంపును నడిపించగలరా. మాట్లాడవయ్యా, నీ పుణ్యం ఉంటుంది, ఒక్క మాట, అని మనసులో మొత్తుకుంది. ఎనిమిది నిమిషాలు. ఈ మనిషిని ఊరుకుని ఊరుకుని నా చేతులతో నేనే ముంచేస్తున్నాను కదా అనిపించింది.

గుటుక్కున మింగేసింది. కుర్చీ లాక్కుని వలయంలోకి వచ్చి కూర్చుంది.

"ఏం బావా!" అంది గట్టిగా. "కోతి ఎముక గానీ గొంతులో అడ్డుపడిందా? నీ కొడుకు పోయి మంచి పనే చేశాడు పో! ఒక కోతి తగ్గింది, చెట్టు తేలికపడింది. మా న్గోనీలం పండగ చేసుకుంటుంటే నువ్వేంటి, మూతి ముడుచుకుని!"

సాంపా నోరు తెరిచాడు. వేళాకోళం వద్దని పదేళ్లుగా చెప్పే మనిషి ఇలా మాట్లాడుతుందా! ఆ వెంటనే ముఖం విప్పారింది. బావ జవాబు కోసం అందరూ కసొండె వైపు తిరిగారు. ఎలుకల మాట ఎత్తుతాడు, నవ్వుతాడు, ఆ తర్వాత కట్ట తెగుతుంది. అలాగే కదా జరిగేది.

కసొండె తలెత్తాడు. అతని ముఖంలో నెత్తురుచుక్క లేదు.

"నేను మీ బావను కాను" అన్నాడు.

ఐదు వారాల్లో అదే అతని మొదటి మాట.

"అదేంటి? మీరు బెంబావాళ్లే కదా, కసొండె అని..."

"కసొండె నన్ను పెంచినాయన పేరు. మా అమ్మ రెండో పెళ్లి చేసుకునేటప్పటికి నాకు రెండేళ్లు. నన్ను కన్నవాడు షావా. మీ చిపాటా వైపువాడే. న్గోనీ. గనిలో పనికొచ్చి, గనిలోనే పోయాడు."

నొముసా నాలిక్కరుచుకుంది. బావ అనుకుని అన్న అయ్యేవాడి ముందు, చచ్చిపోయిన పిల్లాణ్ని కోతి అంది. న్గోనీ ఇంటి ఆడపడుచు నోట రాకూడని మాట. క్షమించమనడానికి లేవబోయింది. "అయ్యో, కసొండె గారూ, నాకు తెలియక..."

"మేడమ్, ఆగండి" అంది మ్వాబ మెల్లగా. "ఆయన చెప్పడం ఇంకా అయిపోలేదు."

విద్యార్థి చేత చెప్పించుకుంది! అదీ తాను నేర్పిన పాఠమే. నొముసా కూర్చుండిపోయింది. నోట్లో పోసుకోవడానికి నీళ్ల సీసా కూడా దగ్గర లేదు.

"పెంచినాయన నన్ను సొంత కొడుకులకంటే బాగా చూసుకున్నాడు" అన్నాడు కసొండె. "వాళ్లకి లేని బూట్లు నాకు కొన్నాడు. పన్నెండో ఏట మా అమ్మ నిజం చెప్పి, ఆయన ఉన్నంతకాలం ఎక్కడా అనకురా, మనసు చిన్నబుచ్చుకుంటాడు అంది. అనలేదు. ఆయన పోయాక అందామంటే, ఇంకెవరికి కావాలా గొడవ? నేను కసొండెనే అయిపోయాను. నా పెళ్లి, నా ఉద్యోగం, నా కొడుకు బడి, అన్నీ ఆ పేరుమీదే."

అతను చొక్కా మెడగుండీ తడుముకున్నాడు. ఎవరూ తొందరపెట్టలేదు.

"జూన్‌లో మావాడు పోయాడు. మా వీధిలో న్గోనీలందరూ వచ్చారు. బెంబావాడి ఇంట్లో చావు, మనం బావలం అనుకుని. మావాడి బూట్లు వేసుకుని వాకిట్లో కులుకుతూ నడిచారు. శవాన్ని తీసుకెళ్లే బండికి అడ్డంగా పడుకున్నారు. గోతిలోకి దిగి, వీడు పొడుగు, కాళ్లు మడవండర్రా అని అరిచారు. వాళ్లు నా సొంత మనుషులు మేడమ్! నా రక్తం వాళ్లు. చాపలమీద కూర్చుని గుండెలు బాదుకుని ఏడ్చింది ఎవరనుకున్నారు? బెంబావాళ్లు. నా బావలు. నా కొడుకుని నవ్వుతూ సాగనంపాల్సినవాళ్లు ఏడ్చారు. ఏడవాల్సినవాళ్లు నవ్వారు. వాణ్ని తిరగేసి పాతిపెట్టినట్టు ఉంది నాకు."

"మరి అప్పుడే చెప్పలేకపోయారా?" అన్నాడు సాంపా. గొంతులో కొంటెతనం ఎక్కడికో పోయింది.

"ముందు వరసలో పెంచినాయన తమ్ముడు కూర్చున్నాడు. ఎనభై ఏళ్లు. మనవడు మనవడు అని పొర్లి పొర్లి ఏడుస్తున్నాడు. ఆయన ముందు లేచి, మేం మీవాళ్లం కాదు, ఏడుపు ఆపు అననా?" కసొండె నొముసా వైపు తిరిగాడు. "మొదటిరోజు మీరు న్గోనీలమని చెప్పుకున్నారు. నాకు ఆశ పుట్టింది. ఈవిడ వరసకి చెల్లెలు అవుతుంది, ఈవిడతో చెప్పుకోవచ్చు అనుకున్నాను. ఐదు వారాలు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఇవాళ మీరూ నవ్వారు."

ఇక అక్కడ మేడమ్ అనే మనిషి లేదు. నొముసా కుర్చీలోంచి దిగి నేలమీద చతికిలపడింది, చావింట్లో ఆడవాళ్లు కూర్చున్నట్టు కాళ్లు బార్లా చాపుకుని. నడుముకు కట్టుకున్న చితెంగె గుడ్డ ముఖానికి అడ్డం పెట్టుకుంది. "మేనల్లుడా! నా నాయనా! నేనేం మాటన్నానురా నిన్ను!" అని చిపాటా ఊరి గొంతుతో ఎలుగెత్తి ఏడ్చింది. హాలు బయట నిలబడ్డవాళ్లు తలుపులోంచి తొంగిచూశారు. చూడనీ. శిక్షకురాలు గుంపులో ఏడవకూడదని ఏ పేజీలో రాసుందో ఆవిడకు ఆ క్షణాన జ్ఞాపకం లేదు.

ఒకమ్మాయి రుమాలు తీసి ఇవ్వబోయింది. రుమాలిస్తే ఏడుపు ఆపమన్నట్టేనని మ్వాబ కళ్లతోనే వారించింది. కసొండె కూడా కుర్చీ దిగి చెల్లెలి పక్కన నేలమీద కూర్చున్నాడు. ఆవిడ ఏడుపు కాస్త నెమ్మదించేదాకా ఆగాడు. అప్పుడు నడిపేవాడి గొంతుతో అన్నాడు.

"సాంపా. మ్వాబా. మీరిద్దరూ బెంబావాళ్లే కదూ?"

"ఔనండీ."

"అయితే మీరు చేయాల్సిన పని ఒకటి మిగిలిపోయింది. మా ఆడపడుచు ఏడ్చింది. ఇంక మీరు కానివ్వండి."

సాంపా బిక్కమొహం వేసి నొముసాకేసి చూశాడు. "మేడమ్... పుస్తకంలో వద్దని..."

"పుస్తకం అవతల పారేయ్!" అంది నొముసా గుడ్డలోంచి.

సాంపా కుర్చీలో సర్దుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "ముందు పిల్లాడి పేరు చెప్పు బావా. ఎవర్ని తిడుతున్నామో తెలియాలి కదా" అన్నాడు.

కసొండె చాలాసేపు ఊరుకున్నాడు. ఎవరూ కదల్లేదు. నొముసా కాలు కూడా ఊగలేదు.

"కెల్విన్ కసొండె అని పాతిపెట్టారు" అన్నాడు చివరికి. "మా అమ్మ ఒక్కతే ఇంకో పేరుతో పిలిచేది. థొకొజాని. థొకొజాని షావా."

ఆ పేరు ఆ హాల్లో ఎవరూ ఎప్పుడూ విననిది. అతను కూడా పైకి అనడం అదే మొదటిసారేమో, అన్నాక తన నోటినే నమ్మలేనట్టు చూశాడు.

"షావానా!" అని సాంపా తొడ చరిచాడు. "ఓరి దొంగ న్గోనీ! ఎలుకల కలుగులోంచి వచ్చి మా బెంబా పేరు కప్పుకుని ఇన్నేళ్లు మా న్షిమా ముద్దలు తిన్నావా? మా కూరలో తోకలెందుకు తేలుతున్నాయో ఇప్పుడు తెలిసింది!"

"నేనూ ఏడ్చాను ఆ చావుకి" అంది మ్వాబ. "మా పిన్నితో వచ్చాను. కొత్త చాపమీద కూర్చుని, గొంతు పోయేదాకా. ఒక ఎలుకలవాడి కోసం! నా ఏడుపు నాకు తిరిగిచ్చెయ్ బావా. అదేం మనిషయ్యా ఆ థొకొజాని, పోతూ పోతూ కూడా మమ్మల్ని వెర్రివాళ్లని చేసి పోయాడు!"

కసొండె ముక్కులోంచి ఏదో శబ్దం వచ్చింది. అందరికీ అర్థమయ్యేలోపు అది నవ్వైంది. పొట్ట పట్టుకుని, ముందుకు వంగి, నేలమీద చెయ్యి కొడుతూ నవ్వాడు. "అంతే, అంతే, వాడంతే, చిన్నప్పట్నుంచీ అంతే" అన్నాడు. ఆ 'అంతే' మధ్యలో ఎక్కడో నవ్వు విరిగిపోయింది. జూన్ నుంచి దాచుకున్న ఏడుపు ఏడ్చాడు. తిట్టేవాళ్లు తిట్టడం ఆపలేదు. ఏడ్చేవాడు ఏడవడం ఆపలేదు. ఇరవై నిమిషాలు అనుకున్నది గంట దాటింది. ఎవరూ గడియారం చూడలేదు.

చివర్లో అతనే కళ్లు తుడుచుకుని, గుంపును ముగించే పద్ధతి ప్రకారం, వలయంలో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచి ఎలా ఉన్నారని అడిగాడు. ఒక్కరిని కూడా వదల్లేదు.

అందరూ కుర్చీలు ఎత్తుతుంటే నొముసా కాగితం తీసింది. 'గుంపును నడిపించగలరా' అన్న గడిలో 'నడిపించారు' అని రాసింది. శిక్షకురాలి అభిప్రాయం అన్నచోట 'తప్పు నాది' అని రాసి, అలాగే ఉంచింది. సంతకం పెట్టి, పైన పేరు దగ్గర ఆగిపోయింది.

"అన్నా, పేరు ఏమని రాయను?"

"కసొండె అనే రాయమ్మా. పెంచినవాడి పేరు, దానికేం లోటు?" అన్నాడతను చొక్కా మెడగుండీ విప్పుకుంటూ. "పిల్లాడి సమాధిమీద రాయి ఇంకా పెట్టలేదు. వచ్చే జూన్‌లో పెడతాం. రెండు పేర్లూ చెక్కిస్తాను. ముందు ముసలాయనకి నేనే చెప్పుకుంటాలే. ఆ రోజు ఈ కోతిమూకని తీసుకురా, వాళ్ల పని వాళ్లు చేస్తారు."

"నేనో?"

"నువ్వు చాపమీద కూర్చుని ఏడవాలి చెల్లీ. ఒక్క ముక్క మాట్లాడకుండా."